బొగ్గు ఎగుమతి టెర్మినల్ డిజైన్: ఓడ దగ్గర మొదలుపెట్టి రైలు దాకా

విశాఖ ఉక్కు కర్మాగారానికి కావాల్సిన కోకింగ్ బొగ్గు ఆస్ట్రేలియా నుంచి ఓడల్లో వస్తుంది. గంగవరంలో దిగి, కన్వేయర్ బెల్టు ఎక్కి ప్లాంటుకు చేరుతుంది. ఈ దింపుకునే పని మనవాళ్లలో చాలామందికి తెలుసు. అదే బొగ్గును అవతలి గట్టున ఓడకు ఎక్కించేవాళ్ల లెక్కలు వేరు. క్వీన్స్‌లాండ్‌లో మెకాయ్ ఊరికి దక్షిణంగా హే పాయింట్ దగ్గర రెండు బొగ్గు టెర్మినళ్లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి 1971లో మొదలైన హే పాయింట్ టెర్మినల్, రెండోది 1983లో మొదలైన డాల్రింపుల్ బే. రెండోదాని సామర్థ్యం ఏడాదికి 8.5 కోట్ల టన్నులు. ఓడలు ఆగే చోటు ఒడ్డు నుంచి సుమారు 3.8 కిలోమీటర్ల దూరంలో, నడిసముద్రంలో ఉంటుంది.

అలాంటి తీరంలోనే ఏడాదికి 3 కోట్ల టన్నుల బొగ్గు పంపే కొత్త టెర్మినల్‌ను మనం కాగితం మీద గీద్దాం. పరిమాణాలు నేను లెక్క కోసం అనుకున్నవి. పద్ధతి మాత్రం ఏ టెర్మినల్‌కైనా ఇదే. బొగ్గు రైలు నుంచి ఓడ వైపు నడుస్తుంది, డిజైన్ మాత్రం ఓడ నుంచి రైలు వైపు నడవాలి. చాలా డ్రాయింగులు దారితప్పేది ఇక్కడే.

1. ముందు ఓడను తెలుసుకోండి

కేప్‌సైజ్ అనే పెద్ద రకం సరుకు ఓడ పొడవు 290 మీటర్ల దాకా, వెడల్పు 45 మీటర్ల దాకా ఉంటుంది. నిండుగా నింపితే 18 మీటర్లు మునుగుతుంది. పానామాక్స్ ఇంతకంటే చిన్నది, 65 నుంచి 80 వేల టన్నులు మోస్తుంది. రెండూ కలిసి వస్తాయి కాబట్టి సగటున ఓడకు లక్ష టన్నులు అనుకుందాం. అంటే ఏడాదికి 300 ఓడలు.

హే పాయింట్ దగ్గర ఆటుకూ పోటుకూ మధ్య తేడా 7 మీటర్ల దాకా ఉంటుంది. మన కోస్తాలో పెరిగినవాళ్లకు ఈ అంకె నమ్మబుద్ధి కాదు. డిజైన్‌లో సగం సంగతులను ఇదే తేలుస్తుంది. ఖాళీ ఓడ 8, 9 మీటర్లే మునిగి, పోటు మీద ఎత్తుగా తేలుతుంది. నిండిన ఓడ ఆటు సమయంలో బాగా కిందికి దిగిపోతుంది. లోడింగు వల్ల 9 మీటర్లు, ఆటుపోట్ల వల్ల 7 మీటర్లు కలిపితే ఓడలోకి బొగ్గు పోసే షిప్‌లోడర్ యంత్రం బూమ్ (చాచిన చెయ్యి), దాని చివరి ఛూట్ (బొగ్గు జారే గొట్టం) పైకీ కిందికీ కలిపి 16 మీటర్ల మేర అందుకోవాలి. షిప్‌లోడర్ తయారీదారుకు మీరు పంపే మొదటి అంకె ఇదే అవ్వాలి. టన్నులు ఆ తర్వాత.

2. బెర్తులు ఎన్ని? లోడర్లు ఎన్ని?

బెర్తు అంటే ఓడను కట్టే చోటు. షిప్‌లోడర్ రేటెడ్ వేగం గంటకు 8,000 టన్నులు అనుకుందాం. బ్రోషర్‌లో కనిపించేది ఈ అంకె. హ్యాచ్ (ఓడలో బొగ్గు పోసే అర మూత) మార్చడం, ఖాళీ ఓడ నిలకడ కోసం నింపుకున్న బ్యాలస్ట్ నీళ్లు తోడే దాకా ఆగడం, యార్డులో కుప్ప తవ్వి బెల్టు మీద పోసే రీక్లెయిమర్ కుప్ప చివరికి వచ్చి తడబడటం, యంత్రాలు చిన్నాచితకాగా ఆగిపోవడం అన్నీ పోగా చేతికొచ్చేది అందులో 60 శాతం, అంటే 4,800 టన్నులు. లక్ష టన్నులకు 21 గంటలు. ఓడను కట్టడం, విప్పడం, డ్రాఫ్ట్ సర్వే (ఓడ ఎంత మునిగిందో చూసి సరుకు లెక్కకట్టడం), పోటు కోసం ఎదురుచూపు కలిపి ఇంకో 6 గంటలు. ఓడకు మొత్తం 27 గంటలు.

300 ఓడలకు 8,100 గంటలు కావాలి. ఏడాదిలో ఉన్నవి 8,760. వాతావరణం, మరమ్మతులు తీసేస్తే 8,000 మిగులుతాయి. ఒక్క బెర్తు చాలదు. రెండు కడితే ఒక్కో బెర్తు వినియోగం 51 శాతం. ఇక్కడే చాలామంది హాయిగా ఊపిరి పీల్చుకుని, ఖర్చు తగ్గుతుందని రెండు బెర్తులకూ కలిపి ఒకే లోడర్ పెట్టేస్తారు. ఆ లోడర్ పని గంటలు చూడండి: 300 × 21 = 6,300. అంటే 79 శాతం. క్యూ బెర్తు దగ్గర కనపడదు, లోడర్ దగ్గర దాక్కుంటుంది.

ఓడలు ఏ క్రమమూ లేకుండా వస్తాయనుకుని మామూలు క్యూ సూత్రాలు వేస్తే, 79 శాతం పని ఉన్న ఒక్క లోడర్ కోసం సగటు నిరీక్షణ 79 గంటలు వస్తుంది. రెండు బెర్తులకూ చెరో లోడర్, చెరో బెల్టు ఇస్తే అది సుమారు 9 గంటలకు దిగుతుంది. నిజంలో ఓడలు కొంత ప్రణాళికతోనే వస్తాయి, కాబట్టి రెండు అంకెలూ ఇంకా తగ్గుతాయి. కానీ తేడా తేడాయే. డెమరేజ్ (ఓడను ఆపినందుకు పడే రుసుము) బిల్లు కట్టేది మీ కస్టమర్.

రెండో లోడర్ పెట్టి జెట్టీ మీద బెల్టు మాత్రం ఒక్కటే వేస్తే ఆ లోడర్ ఉత్త స్పేరు. డబ్బులు రెండింటికీ, పని ఒక్కదానిది. మన టెర్మినల్‌కు రెండు లోడర్లు, యార్డు నుంచి ఓడ వైపు వెళ్లే రెండు బెల్టు లైన్లు.

సముద్రంలో క్యూ కడుతున్న ఓడలు ఆర్థిక సమస్యే కాదు. 2007 జూన్ 8న ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్ రేవు దగ్గర పెద్ద గాలివానకు పాషా బల్కర్ అనే ఖాళీ ఓడ నోబిస్ బీచ్ మీదికి కొట్టుకొచ్చింది. బొగ్గు ఎక్కించుకోవడానికే అది అక్కడ ఎదురుచూస్తోంది. ఆ సమయంలో రేవు బయట 50కి పైగా ఓడలు లంగరేసి ఉన్నాయి.

3. జెట్టీ

ఒడ్డు దగ్గర తవ్వాలా, లోతు ఉన్నచోటికి మనమే వెళ్లాలా? హే పాయింట్ సముద్రం గ్రేట్ బ్యారియర్ రీఫ్ ప్రపంచ వారసత్వ ప్రాంతం పరిధిలోది. అక్కడ డ్రెడ్జింగ్ చేయాలంటే అనుమతుల యుద్ధమే. పొడవాటి జెట్టీ ఖరీదే, కానీ ఒకసారి కడితే అయిపోతుంది. డ్రెడ్జింగ్ ఖర్చు అలా కాదు, పూడిక తీసిన కొద్దీ మళ్లీ చేరుతుంది. మనం 3,500 మీటర్ల జెట్టీ అనుకుందాం. బెర్తు గుంట మాత్రం ఆటులో కూడా నిండు ఓడ తేలేలా తవ్వి, బయటికి వెళ్లే దారిని పోటు మీద వాడుకుందాం.

డెక్ ఎత్తును తుపాను రోజు నీటిమట్టం, ఆపైన లేచే అల కలిపి లెక్కించండి. పట్టాల మీద నడిచే యంత్రాలను తుపానులో కట్టేసే కట్టుకొయ్యలు ఎక్కడున్నాయో కూడా ఇప్పుడే గీయండి. 2014లో హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు గాలి ఏం చేయగలదో చూసినవాళ్లకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. గాలి పరిమితి దాటాక లోడర్‌ను కట్టే చోటికి నడిపించడం కుదరదు. ముందే నడపాలి. అందుకే హెచ్చరిక గాలి వేగం, ఆపే గాలి వేగం అని రెండు వేర్వేరు అంకెలు ఉంటాయి. వాటి మధ్య ఖాళీ సమయం యంత్రం కట్టుకొయ్య దాకా నడవడానికి సరిపోవాలి.

4. బెల్టు లెక్క

గంటకు 8,000 టన్నులు. బొగ్గు సాంద్రత ఘనపు మీటరుకు 0.85 టన్ను. బెల్టు వేగం సెకనుకు 5.5 మీటర్లు. బెల్టు మీద కావాల్సిన అడ్డుకోత వైశాల్యం:

8,000 ÷ (3,600 × 5.5 × 0.85) = 0.475 చదరపు మీటర్లు.

35 డిగ్రీల ట్రఫ్ (బెల్టు అంచుల వంపు), 20 డిగ్రీల సర్‌ఛార్జ్ (బెల్టు మీద బొగ్గు వాలు) కోణంతో 2,000 మి.మీ. బెల్టు 0.48 పట్టగలదు. సరిపోయిందని సంబరపడకండి. 98 శాతం నిండిన బెల్టు కాగితం మీదే నడుస్తుంది. రీక్లెయిమర్ నుంచి బొగ్గు సమానంగా రాదు, కెరటాల్లా వస్తుంది. ఒక్క ఉప్పెనకు అంచులు దాటి కింద పోస్తుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ప్లాంటులో ఇలాంటి బెల్టు కిందే నిలబడి ఏడాదంతా పారలతో ఎత్తించాను. డిజైన్ కాలిక్యులేషన్ అడిగితే తప్పేమీ లేదు. సగటుకు సరిపోయింది, అంతే. 2,200 మి.మీ. బెల్టు తీసుకుంటే 0.60 వైశాల్యం వస్తుంది, 79 శాతం నిండుతుంది. అది తీసుకోండి.

విశాఖ ఔటర్ హార్బర్‌లో ఇనుప ఖనిజం ఎక్కించే ప్లాంటు చూసినవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఖనిజం బొగ్గు కంటే రెండున్నర రెట్లకు పైగా బరువు. అక్కడి బెల్టు వెడల్పు చూసి ఇక్కడి టన్నులు ఊహిస్తే బోల్తా పడతారు.

ఇప్పుడు పవరు. మీటరు బెల్టు మీద 404 కిలోల బొగ్గు ఉంటుంది. బెల్టు, దాన్ని మోసే ఐడ్లర్ రోలర్లు కలిపి ఇంకో 160 కిలోలు. ఘర్షణ గుణకం 0.018 అనుకుంటే 3,500 మీటర్లకు సుమారు 349 కిలోన్యూటన్లు. 20 మీటర్ల ఎత్తు ఎక్కడానికి 79. రెండూ కలిపి 5.5తో గుణిస్తే 2.35 మెగావాట్లు. డ్రైవు నష్టాలు కలిపి 2.6 దాకా పెట్టుకోండి. ఆపైన స్టార్టింగు, స్టాపింగు సమయాల్లో బెల్టులో పాకే సాగుదల అలలను డైనమిక్ విశ్లేషణతో చూడాలి. ఇంత పొడవైన బెల్టుకు స్టాటిక్ లెక్క ఒక్కటే నమ్ముకోకూడదు.

ఇంకో అంకె ఉంది, ఇది అందరూ మర్చిపోయేది. 3,500 మీటర్లకు మీటరుకు 404 కిలోల చొప్పున 1,400 టన్నులు. యార్డులో రీక్లెయిమర్ ఆగిన క్షణాన జెట్టీ బెల్టు మీదే 1,400 టన్నుల బొగ్గు ప్రయాణంలో ఉంటుంది. అది ఓడకు చేరడానికి 10 నిమిషాలకు పైగా పడుతుంది. ఓడ మీద చీఫ్ ఆఫీసర్ "చాలు, ఆపండి" అంటే మీరు ఆపలేరు, ఆ 1,400 టన్నులు ఎక్కడో ఒకచోట పోయాలి. బొగ్గు నిండిన బెల్టును అలాగే ఆపి మళ్లీ స్టార్ట్ చేయగలిగేంత టార్కు (తిప్పే బలం) డ్రైవుకు ఉండాలి. జెట్టీ మొదట్లో ఒక సర్జ్ బిన్ (బొగ్గును కాసేపు పట్టి ఉంచే తొట్టి) కూడా పెట్టండి. హ్యాచ్ మారడానికి 5 నిమిషాలు పడితే ఆ లోపు వచ్చే బొగ్గు 670 టన్నులు. బిన్ వెయ్యి టన్నులు పడితే హ్యాచ్ మారినప్పుడల్లా యార్డు ఆగక్కర్లేదు.

5. యార్డు

ఏడాది సరుకులో 6 శాతం నిల్వ అనుకుంటే 18 లక్షల టన్నులు. దక్షిణాఫ్రికాలోని రిచర్డ్స్ బే టెర్మినల్ ఏడాదికి 9.1 కోట్ల టన్నుల సామర్థ్యానికి 82 లక్షల టన్నుల యార్డు పెట్టుకుంది, అంటే 9 శాతం. ఎంత కావాలన్నది మీ వ్యాపార పద్ధతి మీద ఉంటుంది. ఒక్కో గని బొగ్గుకు శాశ్వతంగా ఒక కుప్ప ఇస్తే నేల ఎక్కువ కావాలి. వచ్చే ఓడ పేరు మీద కుప్ప పేర్చి, ఓడ రాగానే ఖాళీ చేస్తే నేల తగ్గుతుంది, రైళ్ల టైంటేబుల్ మీద టెన్షన్ పెరుగుతుంది. న్యూకాజిల్‌లో ఈ రెండో పద్ధతి నడుస్తుంది.

50 మీటర్ల అడుగు, 37 డిగ్రీల వాలు ఉన్న కుప్ప 19 మీటర్ల ఎత్తు లేస్తుంది. అడ్డుకోత 470 చదరపు మీటర్లు, మీటరు పొడవుకు 400 టన్నులు. 18 లక్షలకు 4,500 మీటర్లు. రకాలు కలవకుండా కుప్పల మధ్య ఖాళీలు వదలాలి కాబట్టి 20 శాతం కలపండి. 1,350 మీటర్ల వరసలు నాలుగు.

స్టాకింగూ (కుప్ప పోయడం) రీక్లెయిమింగూ (కుప్ప తవ్వి తీయడం) ఒకే యంత్రంతో చేయిస్తే చవక, కానీ రైలు దిగుతుంటే ఓడ ఆగాలి, ఓడ ఎక్కుతుంటే రైలు ఆగాలి. మన పరిమాణానికి విడివిడిగా పెట్టడమే మంచిదని నా అభిప్రాయం. 8,000 టన్నుల వేగం అందుకోవడానికి ఒక్కో లైనుకు రెండు బకెట్ వీల్ (బకెట్లు అమర్చిన చక్రంతో తవ్వే) రీక్లెయిమర్లు. ఒకటి కుప్ప చివరికి చేరి నెమ్మదించినా రెండోది మోస్తుంది. రెండు రకాల బొగ్గు కలిపి పంపడం కూడా అప్పుడే కుదురుతుంది. ఈ యంత్రాల ఉక్కు నిర్మాణానికి ఐఎస్ఓ 5049, ఆస్ట్రేలియాలో ఏఎస్ 4324 ప్రమాణాలు చూడండి.

6. రైలు

హే పాయింట్‌కు బొగ్గు తెచ్చే గూనియెల్లా లైనులో ఒక రైలు సుమారు 10,000 టన్నులు తెస్తుంది, రెండు కిలోమీటర్ల పొడవు. మన రైల్వేలో బాక్స్‌ఎన్ వ్యాగన్ల రేకు (ఒక రైలు) 4,000 టన్నుల లోపే. 3 కోట్ల టన్నులకు 3,000 రైళ్లు, రోజుకు 8 పైచిలుకు. అక్కడి వ్యాగన్లకు కింద తలుపులు ఉంటాయి. రైలు విడగొట్టకుండా, ఆగకుండా, గుండ్రంగా తిరిగొచ్చే బెలూన్ లూపు పట్టాల మీద గంటకు కిలోమీటరు వేగంతో, బొగ్గు పడే గుంట మీదుగా పాకుతూ బొగ్గు వదిలేస్తుంది. రైలుకు 2 గంటలు. మార్పిడితో కలిపి రోజుకు 22 గంటలు ఒక్క గుంటకు పని. రైళ్లు సమంగా రావు, గుంపులుగా వస్తాయి. గుంటలు రెండు కట్టాల్సిందే.

7. ఆటోమేషన్‌ను చివరికి వదలకండి

కాంక్రీటు పోశాక ఆటోమేషన్ గురించి ఆలోచించేవాళ్లను చాలామందిని చూశాను. మనిషి లేకుండా యంత్రం నడవాలంటే పట్టాల పక్కన కంచె, గేట్లు, మనిషి లోపలికి వెళ్తే ఆ జోను ఆపే తాళం పద్ధతి కావాలి. ఇవన్నీ నేల అడుగుతాయి. మొదటి లేఅవుట్‌లోనే ఉండాలి.

బూమ్ మీది లేజర్ స్కానర్లు కుప్ప ఆకారాన్ని ఎప్పటికప్పుడు కొలిచి త్రీడీ మోడల్ ఉంచుతాయి. యంత్రం ఎక్కడుందో జీపీఎస్, చక్రం తిరుగుడును కొలిచే ఎన్‌కోడర్ రెండూ చెప్పాలి. చక్రం జారితే ఎన్‌కోడర్ అబద్ధం చెబుతుంది. పట్టాల పొడవునా ట్యాగులు పెట్టి దాన్ని సరిదిద్దాలి.

రీక్లెయిమర్ నడకలో ఒక అందమైన జ్యామితి ఉంది. యంత్రం పట్టాల మీద కొంచెం ముందుకు జరిగి బూమ్‌ను పక్కకు తిప్పితే, కుప్పలో తెగే ముక్క నెలవంకలా ఉంటుంది. బూమ్ పట్టాల దిశలో ఉన్నప్పుడు మందం, పక్కకు తిరిగే కొద్దీ పలచన. ఆ మందం కోణం కొసైన్‌ను బట్టి తగ్గుతుంది. కాబట్టి టన్నులు నిలకడగా రావాలంటే బూమ్ తిరిగే వేగం దానికి విలోమంగా పెరగాలి. 60 డిగ్రీల దగ్గర వేగం రెట్టింపు. మంచి ఆపరేటర్ చేతికి ఇది తెలియకుండానే తెలుసు. కంట్రోలర్‌కు మనం సూత్రంగా రాసివ్వాలి, ఆపైన బెల్టు తూకం, బకెట్ వీల్ టార్కు చూసి దిద్దుకోమనాలి.

రెండు బూములు గుద్దుకోకుండా చూసే రక్షణ ఈ లెక్కల మీద ఒక్కదానిమీదే ఆధారపడకూడదు. నడిపే పీఎల్‌సీ (కంట్రోల్ కంప్యూటర్) వేరు, ఆపే సేఫ్టీ వ్యవస్థ వేరు. బెల్టు పక్కన నడిచేవాడు బెల్టు ఆపడానికి లాగే తాడు, పుల్ కార్డ్ కూడా ఆ సేఫ్టీ వ్యవస్థలోదే.

బెల్టుల స్టార్టింగు ఓడ వైపు నుంచి, ఇంటర్‌లాక్ స్టాపింగు (ముందు బెల్టు ఆగితే వెనకది దానంతటదే ఆగడం) అటు నుంచే వెనక్కి. ఇది అందరికీ తెలిసిందే. ఆగే సమయం సంగతి తెలిసినవాళ్లు తక్కువ. ముందున్న బెల్టు 10 సెకన్లలో ఆగి, వెనకది 20 సెకన్లు తీసుకుంటే, తేడా 10 సెకన్లు. సెకనుకు 2.2 టన్నుల చొప్పున 22 టన్నులు అవుతాయి, కానీ బెల్టులు నెమ్మదిస్తూ ఆగుతాయి కాబట్టి అందులో సగం, సుమారు 11 టన్నులు ఛూట్‌లో కూరుకుపోతాయి. దాన్ని ఖాళీ చేయడానికి ఒక షిఫ్టు. బ్రేకులు, ఫ్లైవీలు, డ్రైవు ర్యాంపు ఇవన్నీ ఎంచుకునేటప్పుడు బెల్టుల ఆగే సమయాలను ఒక పట్టికలో పక్కపక్కన రాసి చూడండి.

షిప్‌లోడర్ దగ్గర మాత్రం మనిషి చూపు ఉంచండి. ఓడ కదులుతుంది, ఊగుతుంది. ఏ హ్యాచ్‌లో ఎంత, ఏ వరసలో అన్న ప్రణాళికను అంతర్జాతీయ సముద్ర సంస్థ (ఐఎంఓ) బల్క్ ఓడల లోడింగు నియమావళి బీఎల్‌యూ కోడ్ ప్రకారం ఓడా టెర్మినలూ ముందే ఒప్పుకోవాలి. తప్పు వరసలో పోస్తే ఓడ నడుమే వంగుతుంది. ఆపరేటర్ కంట్రోల్ రూంలో కెమెరాల ముందు కూర్చోవచ్చు, కానీ చూసేవాడు ఒకడు ఉండాలి.

8. ధూళి, తేమ, నిప్పు

రేవు పక్క ఇళ్లలో మేడ మీద ఆరేసిన బట్టలు నల్లబడటం బొగ్గు దిగే ఊళ్లలో పాత కథ. ప్రతి బొగ్గుకూ ఒక తేమ శాతం ఉంటుంది, అంతకు పైన ధూళి లేవదు. ల్యాబులో కొలిచి తెలుసుకోవాలి. అలాగే ఇంకో పై హద్దు ఉంది. అది దాటితే ఓడ గిడ్డంగిలో బొగ్గు బురదలా పారి ఓడ ఒరిగిపోయే ప్రమాదం. ఓడల్లో విడిగా పోసే ఘన సరుకుల నియమావళి, 2011 నుంచి తప్పనిసరైన ఐఎంఎస్‌బీసీ కోడ్ ఈ పై హద్దు గురించి చెబుతుంది. మీ నీటి స్ప్రేలు ఈ రెండు హద్దుల మధ్యే పనిచేయాలి. అందుకే గాలి ఎక్కువైందని పైపులు విప్పేయడం కుదరదు, టన్నుల లెక్కన నీళ్లు కొలిచి చల్లాలి. యార్డు మీద పడ్డ వాననీటిని చెరువులో పట్టి, మడ్డి తేరాక మళ్లీ చల్లండి.

కోకింగ్ బొగ్గు అంత తొందరగా అంటుకోదు. తక్కువ రకం బొగ్గు తనంతట తానే వేడెక్కుతుంది. కుప్ప వయసును సిస్టంలో ఉంచి, పాతది ముందు పంపించండి.

9. కట్టకముందే నడిపించండి

పైన వేసిన క్యూ లెక్కలు మొదటి అంచనాకే. ఆటుపోట్ల పట్టిక, రైళ్ల గుంపులు, యంత్రాల బ్రేక్‌డౌన్లు అన్నీ పెట్టి ఏడాది కాలాన్ని కంప్యూటర్‌లో వందలసార్లు నడిపించాలి. తర్వాత కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌ను అసలు యంత్రం రాకముందే నమూనా ప్లాంటు మీద పరీక్షించండి. సైటులో దొరికే తప్పుకు అయ్యే ఖర్చు ఆఫీసులో దొరికే తప్పుకు ఎన్నో రెట్లు.

కమిషనింగులో (ప్లాంటును తొలిసారి నడిపించేటప్పుడు) ముందు ఖాళీ బెల్టులు, తర్వాత సగం వేగం, ఆ తర్వాత నిండు వేగం. బొగ్గు నిండిన బెల్టును నడిమధ్యలో ఆపి మళ్లీ స్టార్ట్ చేసే పరీక్ష కాంట్రాక్టరుకు ఇష్టం ఉండదు. వద్దంటే ఒప్పుకోకండి, చేయించండి. మొదటి ఓడ నిండాక డ్రాఫ్ట్ సర్వేయర్ ఒక టన్నేజీ చెబుతాడు, మీ బెల్టు తూకం ఇంకోటి చెబుతుంది. లక్ష టన్నుల ఓడ మీద డ్రాఫ్ట్ సర్వేలో అర శాతం అటూఇటూ అంటేనే 500 టన్నులు. ఒక్క ఓడను చూసి తూకాన్ని తిప్పకండి. పది ఓడల తేడాలను వరసగా రాసుకుని, అన్నీ ఒకే వైపు మొగ్గుతున్నాయంటే అప్పుడు ముట్టుకోండి.